దీనులపక్షమున వకీలు: అమెరికా జాతిన్యాయ చరిత్రలో నొక యధ్యాయము

శూద్రకుని మృచ్ఛకటికమును చదివినవారికి తొమ్మిదవ యంకమునందలి న్యాయసభ మఱపునకు రాదు. చారుదత్తుడు హత్యానేరమున చిక్కి యధికరణికుని యెదుట నిలిచియుండును. నేరము మోపినవాడు రాజుగారి బావమఱది. న్యాయాధికారి మంచివాడు, ముద్దాయి సజ్జనుడని యెఱిగినవాడు. అయినను శిక్ష పడెను. కారణమేమి? ఆ సభలో నేరము మోపువాడు కలడు, వ్రాసికొను కాయస్థుడు కలడు, తీర్పరి కలడు; ముద్దాయిపక్షమున సాక్షిని ప్రశ్నించి, నిజమును పుకారునుండి విడదీసి చూపువాడు మాత్రము లేడు. చారుదత్తుని దారిద్ర్యమే వానిపై సాక్ష్యమయ్యెను. పేదవాడు గనుక నగలకై చంపియుండునని నమ్ముట సులభమయ్యెను. నాటకమగుటచే చివరకు వసంతసేన సజీవయై వచ్చి యతని ప్రాణము కాపాడినది. లోకమున వసంతసేనలు సకాలమునకు వచ్చుట మిక్కిలి యరుదు.

దారిద్ర్యమొక్కటియే యింతపని చేయగలిగినప్పుడు, దానికి జాతిద్వేషము కూడ తోడైనచో న్యాయసభ యేమగునో తెలిసికొనగోరువారు అమెరికా సంయుక్తరాష్ట్రముల చరిత్రను చూడవలెను. ఆ రోగమునకు ఆ దేశమువారు కనిపెట్టిన మందులలో నొకటి పబ్లిక్ డిఫెండరు. నేరమును రుజువు చేయుటకు ప్రభుత్వము జీతమిచ్చి ప్రాసిక్యూటరును నియమించునట్లే, వకీలును పెట్టుకొనలేని ముద్దాయిని రక్షించుటకును ప్రజాధనముతో నియమింపబడిన న్యాయవాదికి అక్కడ నీ పేరు. ఈ యుద్యోగము ఎట్లు పుట్టినది, నల్లజాతివారికి జరుగు నన్యాయమును తొలగించుటలో నెంతవఱకు తోడ్పడినది, ఎక్కడ నోడిపోయినది యనునదియే యీ వ్యాసమున విచారింపబడు విషయము.

అమెరికా రాజ్యాంగమునకు 1791 సంవత్సరమున చేరిన యాఱవ సవరణ, క్రిమినలు విచారణలో ముద్దాయికి న్యాయవాది సహాయముండవలెనని శాసించినది. ఆ కాలమునకిది గొప్పమాటయే. ఇంగ్లండులో పెద్దనేరములకు గుఱియైనవాని పక్షమున వకీలు జూరీనుద్దేశించి పూర్తిగా వాదించుటకు 1836 వఱకును చట్టము అంగీకరింపలేదు. కాని యీ సవరణకు నాటివారు చెప్పుకొనిన యర్థము ఇంతియే: ధనమున్నవాడు వకీలును తెచ్చుకొన్నచో కోర్టు అడ్డుపెట్టరాదు. ధనము లేనివాని మాట యెవరును తలపెట్టలేదు. బానిసగా నున్న నల్లవాని మాట తలపెట్టుట యటుండనిండు, వాడు మనుష్యుడనియే చట్టము నిండుమనస్సుతో నొప్పుకొనలేదు. 1865లో బానిసత్వము రద్దయ్యెను. 1868లో పదునాలుగవ సవరణవలన చట్టముయొక్క సమరక్షణ యందఱికిని వాగ్దానము చేయబడెను. వాగ్దానము కాగితముపై నిలిచినది. న్యాయపీఠమున తెల్లవారు, జూరీలో తెల్లవారు, వకీళ్ల బల్లయొద్ద తెల్లవారు నిలిచిరి.

ముద్దాయికి ప్రభుత్వమే వకీలునియ్యవలెనను భావమును దేశమునకు విస్పష్టముగా చాటినది యొక స్త్రీ. ఆమె పేరు క్లారా షార్ట్‌రిడ్జ్ ఫోల్ట్జ్. 1878లో కాలిఫోర్నియా రాష్ట్రమున న్యాయవాదిపట్టము పొందిన ప్రథమమహిళ యామె. 1893లో చికాగో నగరమున జరిగిన ప్రపంచప్రదర్శన సందర్భమున కూడిన న్యాయసంస్కారసభలో ఆమె పబ్లిక్ డిఫెండరు ఆవశ్యకతను ప్రతిపాదించెను. నేరము మోపుటకు ప్రభుత్వమొక యుద్యోగిని పోషించుచుండగా, నిర్దోషిని కాపాడుట కేల పోషింపరాదను న్యాయమే యామె వాదమునకు మూలము. ఇరువదియేండ్లు గడచినపిమ్మట, 1914లో, లాస్ ఏంజెలెస్ కౌంటీలో నట్టి కార్యాలయము దేశములో మొదటిసారిగా తెఱవబడెను. అయితే యిది యొక మూల వెలిగించిన దీపము; దక్షిణరాష్ట్రముల చీకటి యట్లే యుండెను.

ఆ చీకటి యెంతటిదో 1931లో లోకమునకు తెలిసెను. ఆ సంవత్సరము మార్చి 25వ తేదీన అలబామా రాష్ట్రమున పోవుచున్న యొక సరకులబండిని పెయింట్ రాక్ అను ఊరియొద్ద ఆపి, తొమ్మిదిమంది నల్లజాతి బాలురను, యువకులను పట్టుకొనిరి. వారిలో నిరువదియేండ్లు నిండినవాడొక్కడును లేడు. పనికై బండ్లెక్కి యూరూరు తిరుగు పేదలు వారు. బండిలో తెల్లకుఱ్ఱలతో జరిగిన కొట్లాట మొదట వారిపై నేరము. అంతలోనే, అదే బండిలోనున్న యిద్దఱు తెల్లస్త్రీలను చెఱచిరను మహానేరముగా నది మాఱెను. పదునైదు దినములు గడిచెనో లేదో, స్కాట్స్‌బరో పట్టణమున విచారణలన్నియు ముగిసెను. కోర్టువెలుపల వేలకొలది జనము గుమిగూడియుండిరి. ముద్దాయిలను మూకనుండి కాపాడుటకు సైనికులు రావలసివచ్చెను. ఎనిమిదిమందికి మరణశిక్ష విధింపబడెను. వారి వకీళ్లెవరు? ఊరి న్యాయవాదులందఱును సహాయము చేయవలెనని న్యాయాధిపతి నోటిమాటగా సెలవిచ్చెను. అందఱి బాధ్యత యనగా నెవరి బాధ్యతయు కాదు. తుదకు విచారణనాడు నిలిచినవారిద్దఱు: ఒకరు పరరాష్ట్రమునుండి వచ్చి అలబామా చట్టము తెలియనివారు, మఱియొకరు చాలకాలముగా కోర్టుపని మానిన వృద్ధులు. కేసును సిద్ధపఱచుకొనుటకు వారికి వ్యవధియే లేకపోయెను.

ఈ కేసు అమెరికా సుప్రీముకోర్టుకు పోయి 1932 నవంబరు 7వ తేదీన తీర్పు పొందెను. పావెల్ వర్సస్ అలబామా యని దానికి పేరు. న్యాయమూర్తి సదర్లాండు వ్రాసిన యా తీర్పుసారమిది: చదువుకొన్నవాడే చట్టపు మెలకువలు తెలియక కోర్టులో దారితప్పును, ఇక చదువులేని పేదవాని మాట చెప్పనేల? ప్రాణముపోవు కేసులో తనంతట వకీలును పెట్టుకొనలేనివానికి కోర్టే వకీలును నియమింపవలెను; ఆ నియామకము నామమాత్రమై యుండరాదు. శిక్షలు కొట్టివేయబడి కేసులు మరల విచారణకు వచ్చెను.

రెండవసారి న్యూయార్కునుండి వచ్చిన శామ్యుయేల్ లీబొవిట్జ్ అను న్యాయవాది ఫీజు లేకయే వాదించెను. నేరము మోపిన స్త్రీలలో నొకతె 1933లో కోర్టునందే తాను చెప్పినది యబద్ధమని యొప్పుకొనెను. అయినను జూరీ మరల శిక్షయే వేసినది. అప్పుడు లీబొవిట్జ్ ముద్దాయినుండి దృష్టిని జూరీవైపునకు త్రిప్పెను. ఆ కౌంటీలలో తరములుగా నొక్క నల్లవాడైనను జూరీలో కూర్చుండలేదని సాక్ష్యమిప్పించెను. అధికారులు నల్లవారి పేర్లున్న జాబితాను చూపగా, ఆ పేర్లు తరువాత దొంగతనముగా చేర్చినవని లీబొవిట్జ్ వాదించెను. సుప్రీముకోర్టు న్యాయమూర్తులు భూతద్దముతో నా పుటలను పరిశీలించిరి. 1935లో నారిస్ వర్సస్ అలబామా తీర్పు వెలువడెను: ఒక జాతివారిని జూరీనుండి క్రమబద్ధముగా తొలగించుట రాజ్యాంగవిరుద్ధమని. ఇంతజరిగినను ఆ తొమ్మిదిమందిలో పలువురు ఏండ్లకొలది చెఱసాలలో క్రుళ్లిరి. కడపటి ముగ్గురికి అలబామా రాష్ట్రము క్షమాపత్రమిచ్చినది 2013లో. అప్పటికి వారు మరణించి దశాబ్దములు గడచెను.

ఇక్కడ పాఠకులొక సంగతిని గమనింపవలెను. వకీలు లేనప్పుడు ఎనిమిది దండనలు మాత్రమే కనబడెను. సమర్థుడైన వకీలు వచ్చినపిమ్మట దండనల వెనుకనున్న యంత్రము కనబడెను. జూరీ జాబితాలోని మోసము అంతకుముందును ఉన్నదే. దానిని ప్రశ్నించు హక్కును, ఓపికయు గలవాడు లేక యది చట్టమువలె చెలామణియయ్యెను.

పావెల్ తీర్పు మరణశిక్ష కేసులకే పరిమితము. ఇతర నేరములలో పేదవానికి వకీలునిచ్చుట రాష్ట్రముల విధికాదని 1942లో బెట్స్ వర్సస్ బ్రేడీ కేసున సుప్రీముకోర్టు నిర్ణయించెను. ఆ తీర్పుతో విభేదించినవారిలో హ్యూగో బ్లాక్ ఒకరు. ఇరువదియొక యేండ్లకు ఆయనకే యా తీర్పును త్రోసివేయు నవకాశము దొరకెను. ఫ్లోరిడాలో క్లారెన్స్ అర్ల్ గిడియన్ అను తెల్లవాడైన యొక పేద, బిలియర్డుశాల తలుపు పగులగొట్టెనను నేరమున 1961లో పట్టుబడి, వకీలును కోరి, ఇయ్యబడక, తానే వాదించుకొని, అయిదేండ్ల శిక్షపొందెను. చెఱసాలలో పెన్సిలుతో నర్జీ వ్రాసి సుప్రీముకోర్టునకు పంపెను. 1963 మార్చి 18వ తేదీన న్యాయమూర్తులందఱు నేకగ్రీవముగా గిడియన్ పక్షమున తీర్పిచ్చిరి. తీర్పు వ్రాసినది హ్యూగో బ్లాక్. అలబామాలో పుట్టి, యౌవనమున రాజకీయలాభమునకై క్లూ క్లక్స్ క్లాను సంఘమున చేరిన మచ్చగలవాడే యాయన. మనుష్యుడు మాఱగలడను మాటకు చరిత్ర యప్పుడప్పుడిట్టి నిదర్శనములనిచ్చును. ఆగష్టులో జరిగిన రెండవ విచారణయందు వకీలు సహాయముతో గిడియన్ నిర్దోషియని తేలెను. నల్లజాతిబాలుర దుఃఖమునుండి మొలచిన న్యాయసూత్రము తెల్లవానిని విడిపించినది. ఆ తెల్లవాని యర్జీ మరల లక్షలకొలది నల్లవారికి వకీలును తెచ్చిపెట్టినది. ఫ్లోరిడా ఆ సంవత్సరమే పబ్లిక్ డిఫెండరు పదవులను నెలకొల్పెను; ఇతర రాష్ట్రములు క్రమముగా ననుసరించెను. 1967లో బాలనేరస్థులకును, 1972లో చెఱశిక్షపడు చిన్ననేరములకును ఈ హక్కు విస్తరించెను.

ఈ కొత్త యుద్యోగులు చేసిన పనికి రెండు నిదర్శనములు చాలును. మొదటిది కెంటకీ రాష్ట్రమున లూయీవిల్ నగరమున జరిగినది. జేమ్స్ బాట్సన్ అను నల్లజాతియువకునిపై కన్నపుదొంగతనపు కేసు. జూరీకై పిలువబడినవారిలో మిగిలిన నల్లవారు నలుగురు. ప్రాసిక్యూటరు కారణము చెప్పనక్కఱలేని తన ప్రత్యేకాధికారముతో నలుగురిని తీసివేసెను. అందఱు తెల్లవారే మిగిలిరి. ముద్దాయి పక్షమున నున్న పబ్లిక్ డిఫెండరు వెంటనే లేచి యాక్షేపించెను. ఎవరినైనను తీసివేయుటకు వారికి హక్కు కలదని న్యాయాధిపతి త్రోసిపుచ్చెను. ఆనాటి చట్టము నిజముగనే యట్లుండెను. 1965 నాటి స్వేన్ వర్సస్ అలబామా తీర్పుప్రకారము ముద్దాయి తన కేసునందు జరిగినది చూపిన చాలదు. పెక్కు కేసులలో నిట్లే జరిగినదని రుజువు చేయవలెను. ఒంటరియైన పేదవాని కది యసాధ్యము. అయినను డిఫెండరు కార్యాలయము ఓటమిని కడపటిమాటగా నెంచక సుప్రీముకోర్టువఱకును పోయెను. 1986 ఏప్రిలు 30వ తేదీన న్యాయమూర్తి లూయిస్ పావెల్ తీర్పు వెలువడెను: ఒక్క కేసులోనే యనుమానమునకు తగిన యాధారము చూపినచో, ప్రాసిక్యూటరు జాతితో సంబంధములేని కారణము చెప్పి తీరవలెను. ఆనాడు లేచి నిలిచి యాక్షేపణను రికార్డుకెక్కింపకున్నచో ఈ న్యాయము పుట్టియుండదు.

రెండవ నిదర్శనము న్యూజెర్సీ రాష్ట్రములోనిది. అచ్చట సుంకముచెల్లించి పోవు పెద్దరహదారి యొకటి కలదు. దాని దక్షిణభాగమున పోలీసులు కార్లనాపి, సోదాచేసి, మాదకద్రవ్యముల కేసులు పెట్టుచుండిరి. డిఫెండరు కార్యాలయమువారు తమయొద్దకు వచ్చు ముద్దాయిలను చూచి యొక విషయము గుర్తించిరి: ఆ దారిన పట్టుబడి వచ్చువారిలో నల్లవారే మెండు. ఒక్కొక్క ముద్దాయికి తనసంగతి మాత్రమే తెలియును. న్యాయాధిపతికి తనముందున్న కాగితము తెలియును. అందఱును వచ్చి కూర్చుండు బల్ల డిఫెండరుదే. కావున నీ పోలిక డిఫెండరులకు కనబడెను. కాని కోర్టునకు కనబడిన చాలదు, లెక్కవలెను. 1993లో వారొక శాస్త్రజ్ఞుని సహాయముతో దారిప్రక్క మనుష్యులను కూర్చుండబెట్టి నలువదివేలకు పైగా కార్లను లెక్కించిరి. ఆ కార్యాలయపు న్యాయవాది యొకరు తన కారును గంటకు 60 మైళ్ల వేగమున స్థిరముగా నడుపుచు, తనను దాటిపోవు కార్లను, అందలి నల్లవారిని తానే లెక్కించెను. నల్లవారున్న కార్లు నూటికి 13.5, వేగపరిమితి మీఱినవానిలో నూటికి 15. పోలీసు లాపినవారిలో జాతి తెలియవచ్చినంతవఱకు నల్లవారు నూటికి 46.2. తక్కిన వ్యాఖ్యానమేల?

1996 మార్చిలో న్యాయాధిపతి రాబర్ట్ ఫ్రాన్సిస్ ఈ లెక్కలను అంగీకరించి, పదునేడుగురు ముద్దాయిలపై సేకరించిన సాక్ష్యమును కొట్టివేసెను. ప్రభుత్వము అప్పీలు చేసెను. కాని 1999లో తన విచారణలోనే నిజము తేలగా అప్పీలును విరమించుకొని, జాతినిబట్టి కార్లనాపుట నిజమేయని యొప్పుకొనెను. ఆ సంవత్సరాంతమున కేంద్రప్రభుత్వముతో నొడంబడిక చేసికొని పోలీసుల పద్ధతిని పర్యవేక్షణకు లోబఱచెను.

ఇంతవఱకు విజయములే చెప్పితిని. ఇక నోటములను దాచుట చరిత్రకారుని ధర్మము కాదు. అంకెలు ప్రతిసారియు గెలువలేదు. 1987లో జార్జియా రాష్ట్రపు మెక్‌లెస్కీ కేసున, తెల్లవారిని చంపినవారికి మరణశిక్ష పడుటకు నాలుగురెట్లకు పైగా నవకాశము గలదని రెండువేలకు మించిన కేసుల పరిశీలన చూపినను, సుప్రీముకోర్టు అయిదుగురు నలుగురుగా చీలి, ఈ ముద్దాయి విషయమున ద్వేషము రుజువుకాలేదని తీర్పుచెప్పెను. తీర్పు వ్రాసినది బాట్సన్ తీర్పు వ్రాసిన పావెల్ గారే. పదవి విడిచిన తరువాత ఆయన, ఆ కేసున తన యభిప్రాయమును మార్చుకొందునని చెప్పిరి; అప్పటికి సమయము మించిపోయెను. బాట్సన్ తీర్పును సైతము ప్రాసిక్యూటరులు కుంటిసాకులతో దాటుట నేర్చిరి.

అంతకంటె లోతైన దోషము డిఫెండరు వ్యవస్థలోనే కలదు. 1991లో న్యూ ఆర్లియన్స్ నగరమున నొక డిఫెండరు ఏడునెలలలో 418 మంది ముద్దాయిల పక్షమున నిలువవలసివచ్చెను. అందు 130 మంది మొదటి హాజరునాడే నేరమొప్పుకొనిరి. అతడు కోర్టుముందు నిలిచి, ఇంతమందికి తాను వకీలని చెప్పుట యసత్యమని, తన యసమర్థతను తానే ఫిర్యాదు చేసికొనెను. 1993లో లూయిసియానా సుప్రీముకోర్టు ఆ విభాగమున పేదలకు లభించుచున్న రక్షణ రాజ్యాంగము కోరునంతటిది కాదని భావింపవచ్చునని యొప్పుకొనెను. స్కాట్స్‌బరోలో నామమాత్రపు వకీలునిచ్చినవారికిని, ఒక మంచి వకీలుకు నాలుగువందల ముద్దాయిల నప్పగించినవారికిని భేదమెంత?

ఈ స్థితిని చూచియే పాల్ బట్లర్ అను నల్లజాతి న్యాయశాస్త్రవేత్త 2013లో తీవ్రమైన విమర్శ చేసెను. గిడియన్ తీర్పు పేదల నుద్ధరింపలేదు. అందఱికి వకీళ్లున్నారు గదా యను తృప్తిని దేశమునకిచ్చి, అన్యాయమైన దండనవిధానమునకు న్యాయముసుగు తొడిగినదని యాయన వాదము. ఈ మాటను తేలికగా త్రోసివేయరాదు. నామమాత్రపు వకీలు, వకీలు లేకుండుటకంటె నొకవిధముగా నపాయకరము. ఏలయన లేమి కంటికి కనబడును, నటన కనబడదు. అయినను నా మనస్సు పూర్తిగా నావైపునకు మొగ్గదు. జూరీ జాబితానైనను, రహదారి లెక్కనైనను బయటపెట్టినది దండించు యంత్రములోపల, దండితుని ప్రక్కన నిలిచినవాడే. వానిని తీసివేసినచో యంత్రము ఆగదు, కనబడకుండ పోవును. కావున విమర్శకుని మాటవలన మనము గ్రహింపవలసినది డిఫెండరు వలదని కాదు, చేతులు కట్టివేసిన డిఫెండరును చూపి న్యాయము చేసితిమని చెప్పుకొనరాదని.

ఓడిన వాదములు కూడ వ్యర్థములు కాలేదు. 2018లో వాషింగ్టన్ రాష్ట్రపు సుప్రీముకోర్టు జూరీనుండి తొలగింపుల విషయమున, ద్వేషబుద్ధిని రుజువు చేయనక్కఱలేని కొత్తనియమము చేసెను. 2020లో కాలిఫోర్నియా జాతిన్యాయచట్టము, మెక్‌లెస్కీ కేసు మూసిన తలుపును ఆ రాష్ట్రమున తెఱచినది. అచ్చట ముద్దాయి యిప్పుడు అంకెలతో వాదింపవచ్చును.

ఈ కథ మనకు పరాయిది కాదు. తెలంగాణా రైతుపోరాటపు దినములలో ప్రత్యేక ట్రిబ్యునళ్లు మరణశిక్ష విధించిన కొందఱు, తమకు వకీలు లేకయే విచారణ జరిగినదని మన సుప్రీముకోర్టునకు మొఱపెట్టుకొనిరి. జనార్దనరెడ్డి వర్సస్ హైదరాబాదు రాజ్యము అను నా కేసున 1951లో స్కాట్స్‌బరో బాలుర తీర్పు ప్రస్తావనకు వచ్చినది. అది యమెరికా రాజ్యాంగమునుబట్టి చెప్పిన న్యాయమని, ఇక్కడ వర్తింపదని మన న్యాయస్థానము నిర్ణయించెను. అలబామాలోని బాలురకు దొరకిన మాట నల్లగొండ రైతులకు దొరకలేదు. 1976లో 39-ఎ అధికరణము రాజ్యాంగమున చేరినది. 1979లో, బీహారు చెఱసాలలలో విచారణలేక మ్రగ్గుచున్నవారినిగూర్చిన హుస్సైనారా ఖాతూన్ కేసున, న్యాయమూర్తి భగవతి గిడియన్ తీర్పును స్మరించుచు, పేదవానికి ఉచిత న్యాయసహాయము జీవనహక్కులోని భాగమేయని చాటిరి. 2022లో జీతముపై పూర్తికాలము పనిచేయు రక్షకన్యాయవాదుల పద్ధతియు మనదేశమున విస్తరింప నారంభమయ్యెను. ఆ సంవత్సరాంతమున మన కారాగారములలో నూటికి 75 మంది విచారణ ముగియనివారే.

ఆ పద్ధతికి మనము పేరు తెచ్చుకొంటిమి. ఇక వానికి తగిన జీతమును, పరిమితమైన పనిని, లెక్కించుటకు తీరికను ఇత్తుమా? తమ బల్లయొద్దకు వచ్చువారు ఏ కులమువారు, ఏ వాడలవారు, ఏ నేరములకు ఎన్నినెలలు జామీను లేక యున్నారు అని మన రక్షకన్యాయవాదులు గూడ న్యూజెర్సీ రహదారిపై ఆ వకీలువలె నొక్కొక్కటిగా లెక్కించి కోర్టుముందుంచవలెను. చారుదత్తుని సభలో మంచి న్యాయాధికారి యుండెను. అతని మంచితనము చాలలేదు.